తాళాలు పట్టుకున్న హిపొలిత్

క్రాకోవ్‌లో రొట్టెలమ్మే హిపొలిత్‌కు గొప్పలు చెప్పుకోవడమంటే ప్రాణం. చిత్రకారుడు గ్రబొవ్‌స్కీ వీధిలో కనబడిన ముఖాలనే పాత చరిత్ర బొమ్మల్లోకి ఎక్కిస్తాడు. ఈసారి హిపొలిత్‌ను పిలిచాడు. ఏడు ఆదివారాలు జరీ అంగీ తొడిగించి, కోట తాళాల గుత్తి చేతిలో పెట్టి, చెయ్యి చాపించి నిలబెట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు. గ్రబొవ్‌స్కీ ఎవరినైనా విడిగా నిలబెట్టే గీస్తాడు.

చేతిలో కోట తాళాలుంటే కోట గెలిచినట్టే కదా! "వెనకటికి మన కోట మీదికొచ్చిన స్వీడన్‌వాళ్లను తరిమికొట్టిన సేనాపతిని నేనే" అని హిపొలిత్ ఊరంతా టాంటాం వేశాడు.

తెర తీసిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. ఇరవై అడుగుల బొమ్మ. పొగ, గుర్రాలు, గుండెలు బాదుకునే ఆడవాళ్లు. నడిమధ్యన హిపొలిత్. అతని ఎదుట చెయ్యి చాచి నవ్వుతున్నాడు స్వీడన్ సేనాని. మనవాడు తాళాలు పుచ్చుకోవడం లేదు, ఇచ్చేస్తున్నాడు!

హిపొలిత్ పరువు వీస్లా నదిలో కలిసింది. మర్నాడు మధ్యాహ్నమైనా రొట్టెలు కదల్లేదు. రోజూ వచ్చే ముసలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"కోట అప్పగించినోడి చేతి రొట్టె నాకొద్దు నాయనా" అని ఎదుటి తియోఫిల్ కొట్టుకు నడిచింది.

భార్య బ్రిగీదా నెత్తి కొట్టుకుంది. "ఏడు వారాలు నిలబడ్డారే, ఇస్తున్నానా పుచ్చుకుంటున్నానా అని ఒక్కసారన్నా అడగొద్దూ? పోయి ఆ మొహం చెరిపించుకు రండి. లేకపోతే పొయ్యి ఆర్పుకోవడమే!"

హిపొలిత్ పరుగున వెళ్లి, బొమ్మ ముందున్న గ్రబొవ్‌స్కీ చేతులు పట్టుకున్నాడు. "అయ్యా, నా కడుపు కొట్టకండి. నా మొహం తీసెయ్యండి."

"దానికేం భాగ్యమయ్యా, తీసేస్తాను. పొద్దున తియోఫిల్ వచ్చాడు. ద్రోహి వేషమైనా సరే, ఆ మధ్య చోటు తనకిమ్మని కాళ్లావేళ్లా పడ్డాడు. వచ్చే నెల బొమ్మ పారిస్ ప్రదర్శనకు వెళ్తోందిగా."

హిపొలిత్ తలెత్తి చూశాడు. బొమ్మలో వెలుగంతా తన ముఖం మీదే ఉంది. ఇద్దరు దొరసానులు దాన్నే చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నారు. అతనికి కడుపు మండిపోయింది.

"తియోఫిల్‌కా? ఆ పిల్లిగడ్డం గాడికా?"

"మరి తుడవనా?" అంటూ గ్రబొవ్‌స్కీ గుడ్డ అందుకున్నాడు.

హిపొలిత్ బొమ్మకు అడ్డంగా రెండు చేతులూ చాపాడు.

"ఆగండయ్యా! కోటంటే ఇచ్చేశాను గానీ, ఈ చోటు ప్రాణం పోయినా ఇవ్వను!"