ట్యాంకులో గుడగుడ

రత్నరాజు బానెట్ కింద వంగి, పంపు దగ్గర పెట్రోలు పైపు విప్పి, దాని కొస నోట్లో పెట్టుకుని ఊదాడు. బండి వెనక పిచ్చేశ్వరరావు గారు ట్యాంకు మూతి దగ్గర చెవి పెట్టి వంగున్నారు. పైపు బాగుంటే ట్యాంకులో గుడగుడమనాలి.

"వినపడ్డం లేదోయ్" అన్నారాయన.

మళ్లీ ఊదాడు. కళ్ల ముందు చుక్కలు తిరిగాయి గానీ ట్యాంకు మాత్రం నోరు విప్పలేదు. పైపు పూడుకుపోయిందండీ అని తేల్చేశాడు.

రావుగారి పాత అంబాసిడర్ నడిబజారులో ఆగి ఆగి ప్రాణం తీస్తోందని కబురొస్తే, నాగాయలంక నుంచి తొలి బస్సుకు అవనిగడ్డ వచ్చాడు. అరవయ్యారేళ్ల మనిషి. గోళ్లలో ఇంకిపోయిన గ్రీజు, పెట్రోలుకు తెల్లబడ్డ పై పెదవి. నలభై ఏళ్లుగా ఆ నోటితోనే పైపులు పీల్చాడు, కార్బురేటర్ జెట్లు ఊదాడు. ఇంకోసారి నోట పెట్రోలు పెడితే ఊపిరితిత్తులు ఊడి చేతికొస్తాయని బందరులో డాక్టరు పోయిన నెలే తిట్టి పంపాడు. ఆ ముక్క భార్య రమణమ్మకైనా చెప్పలేదు మహానుభావుడు. చెబితే పని మానిపిస్తుంది. కొత్త కార్లకు కంప్యూటర్ పెట్టి చూసే షెడ్లున్నాయి. ఈ చుట్టుపక్కల మిగిలిన పాత బండ్లు మూడే, ఆ మూడింటికే రత్నరాజు కావాలి. ఊపిరి లేదని తెలిస్తే ఆ పిలుపూ ఉండదు. అదీ అతని భయం.

బండి కిందకు దూరి పైపంతా ఊడదీశాడు. తీగ దూర్చాడు, కడిగాడు. చిటికెడు తుప్పు కూడా రాలలేదు. అయినా బిగించి మళ్లీ ఊదాడు. చప్పుడు లేదు. దగ్గు మాత్రం తెరలు తెరలుగా వచ్చింది.

రావుగారి భార్య వసుంధర గారు అంతసేపూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడకు డెబ్భై నిండాయి. దిగొచ్చి, పైపు కొస పైట చెంగుతో తుడిచి, పొయ్యి ఊదినట్టు ఒక్కటే ఊదారు. ట్యాంకులో గుడగుడమంది.

రత్నరాజుకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

"పైపులో ఏం లేదమ్మగారూ" అన్నాడు చివరికి. "నాలోనే గాలి లేదు. రెండు గంటల్నించీ తెలుస్తానే ఉంది."

డాక్టరు మాటతో సహా అంతా కక్కేశాడు. ఆవిడ మంచినీళ్లిచ్చి, ఇప్పుడే బందరు పద అన్నారు. రావుగారు ఆటో కోసం బయల్దేరబోతే, ఈ బండిలోనే వెళ్దామండీ, కాసేపాగండి అని రత్నరాజు ఆపాడు.

పైపు బాగుంటే తేడా పంపులోనే. దాని గాజు గిన్నె విప్పితే, అంచున ఉండే కార్కు వాషరు ఎండి పగిలి ఉంది. పంపు పెట్రోలుకు బదులు గాలి పీలుస్తోంది. సంచిలోంచి కార్కు షీటు తీసి, అరుగు మీద పరిచి, గిన్నె బోర్లించి గీత గీసుకుని కత్తెరతో కోశాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది.

అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. పులిగడ్డ దాకా ఇంజను మీదే చెవి పెట్టి, "ఇంక ఆగదండీ" అన్నాడు. మోపిదేవి దగ్గర కళ్లు మూసుకున్నాడు. అలిసిపోయాడు పాపం, పడుకోనివ్వండి అన్నారు వెనక నుంచి వసుంధర గారు.

చల్లపల్లి దాటాక రావుగారు గేరు మారుస్తూ, "ఎలా ఉందోయ్ మోత?" అని అడిగారు. మళ్లీ అడిగి భుజం తట్టారు. రత్నరాజు తల పక్కకు వాలిపోయింది, ఊపిరి లేదు. బండి సాఫీగా పోతూనే ఉంది.

అవనిగడ్డలో అరుగు మీద కార్కు షీటు అలాగే ఉంది, గుండ్రంగా కోసిన చోట ఖాళీతో, పక్కన కత్తెరతో.