వేలి ఫోను, ముఖం ఫోను

పోచంపల్లిలో మగ్గాల చప్పుడు మొదలవకముందే సంధ్య నూలు ముందు కూర్చుంటుంది. గీసిన గుర్తుల వెంట సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి ముడులు వేస్తుంది. ముడి ఉన్నచోట రంగు అంటదు, లేనిచోట అంటుతుంది. చీర మీద ఏనుగులు నడిచినా చిలకలు వాలినా అంతా ఆ ముడుల చలవే. ఎనిమిదేళ్లుగా లాగీ లాగీ ఆమె చేతివేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషను షాపు మిషనుకే ఆనవాలు దొరకదు, ఇక ఆండ్రాయిడ్ ఫోనుకేం దొరుకుతుంది? అందుకని ఫోనుకు ఎడమకాలి బొటనవేలి ముద్ర ఇచ్చింది. కాలితో తాళం తీసే పిల్లను చూసి పక్కింటి కృష్ణమ్మ కడుపుబ్బ నవ్వింది కానీ, ఎవరికీ చెప్పలేదు.

సంధ్య అత్త సావిత్రమ్మ చేతి ముడి మనుషులకు కూడా పనిచేస్తుంది. కాలి మడమ పైన ఆమె ట్యూబు ముక్క కట్టిందంటే, ఇక ఆ మనిషికి ఎన్ని దెబ్బలు తగిలినా నొప్పి నొప్పే గానీ కమిలిన రంగు పైకి తేలదు, వాపు రాదు. ఇది వీధిలో అందరికీ తెలుసు. భర్త వెంకటనర్సు బతికున్న ముప్పై ఏళ్లూ ఆమె తన కాలికి తనే కట్టుకుని, నున్నటి ముఖంతో పేరంటాలకు వెళ్లివచ్చింది. మూడేళ్ల కిందట, పెళ్లయిన నెలకే కోడలికీ కట్టింది.

"నలుగుర్ల నగుబాటు గావద్దు బిడ్డా" అంది. ప్రేమతోనే అంది, అదే ఏడుపు.

కట్టిన చెయ్యే విప్పాలన్నది ఆ పనిలో కట్టుబాటు. నూలు ఇంకా రంగులో ఉండగా విప్పితే, బయట ఆగిన రంగంతా ఒక్కసారి లోపలికి దూకుతుంది. సంధ్య తన ముడిని తానే కోయబోతే మూడుసార్లూ కత్తెర జారిపోయింది.

ఆమె మొగుడు అశోక్‌కుమార్ చౌటుప్పల్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో చేస్తాడు. వచ్చినవాళ్లకు ఆండ్రాయిడ్ మంచిదా, ఐఫోన్ మంచిదా అని అరగంటసేపు వెన్నపూసలాంటి గొంతుతో చెప్తాడు. ఇంటికొచ్చేసరికి ఆ వెన్న కరిగిపోతుంది. తలుపు ఆలస్యంగా తీసినా చాలు, బెల్టు తీస్తాడు. పోయిన నెల గోడకేసి కొడితే సంధ్యకు రెండు పళ్లు కదిలాయి. తెల్లారి అద్దంలో చూసుకుంటే పెళ్లికూతురి ముఖం!

ఆమె చాటుగా రెండుసార్లు ఠాణాకు వెళ్లింది. అక్కడి కానిస్టేబుల్ మెర్సీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నీ కాలికి ఏమున్నదో నాకెరికే అక్కా. గని కాయిదంల దెబ్బలు రాయాలె గద. ఒక్కటంటె ఒక్క మచ్చ సూపెట్టు, గా పూటనే వస్త."

విప్పమని అత్తను ఎంత బతిమాలినా "ఇంట్లది ఇంట్లనే ఉండాలె" అనేది.

మెర్సీతో రాసుకున్న మాటలన్నీ ఫోనులో ఉన్నాయి. అశోక్‌కు అనుమానం వచ్చింది. ఫోను తాళం నంబరు అడిగితే సంధ్య తప్పు నంబరు చెప్పి ఇంకో రెండు దెబ్బలు తింది. ఓ రోజు ఆమె పది వేళ్లనూ ఒక్కొక్కటిగా ఫోనుకు అదిమాడు. చూపుడువేలు కటుక్కుమంది గానీ ఫోను తెరుచుకోలేదు. సెల్‌ఫోన్లు అమ్మేవాడికి కాలివేలి సంగతి తట్టలేదు. పెళ్లాం కాళ్ల దాకా వంగే అలవాటు లేదు మరి.

ఆ ఆదివారం పొద్దున తెల్లటి డబ్బాతో వచ్చి, అందులోని కొత్త ఫోనునూ ఆమె పాత ఫోనునూ నేలమీద పక్కపక్కన పెట్టాడు.

"ఐఫోను. ముఖం సూపెడితె తెరుసుకుంటది. నాదీ గిదే, నీదీ గిదే, ఇగ నువ్వు యాడున్నవో నా దాంట్ల కనవడ్తది. పాతది తెరువ్, దాంట్లవన్ని దీంట్లకు ఎక్కియ్యాలె."

"నాకు నాదే మంచిగున్నది."

"దీనికోసం జనం లైను గడ్తున్రు, ఎర్రిదానా!"

"గట్లయితె వాళ్లకే అమ్ముకో."

రెండు ఫోన్లకూ తేడా ఏమిటో సంధ్యకు వాడికంటే బాగా తెలుసు. ఒకటి వాడికి తెలియని వేలితో తెరుచుకుంటుంది. రెండోది, జుట్టు పట్టి ఎత్తితే తెరుచుకుంటుంది.

చెంప మీద పడ్డ దెబ్బకు ఆమె మగ్గం దూలానికి గుద్దుకుంది. కడుపులో తన్నాడు. బోర్లా పడితే వీపు మీద మోకాలు పెట్టి, జడ పిడికిలికి చుట్టుకుని తల పైకి లేపి, కొత్త ఫోను ముఖం ముందు పెట్టాడు. తల మెల్లగా గుండ్రంగా తిప్పమని ఫోను అడిగింది. దుకాణంలో "మెల్లగ తిప్పండి మేడం" అని చెప్పేవాడు, ఇక్కడ జడతో తానే తిప్పాడు. తెరమీద పచ్చటి గీతలు ఒక చుట్టు నిండాయి. ఇంకో చుట్టు కావాలట.

"మెడ విరుగుతదిరా!" అంది సావిత్రమ్మ, రంగు కలుపుతున్న చేతులతోనే లేచి.

"నువ్వు ఊకో అమ్మా. బాపు నిన్ను గిట్లనే గద సక్కగ జేసింది. నేను సూడలేదనుకున్నవా?"

సావిత్రమ్మ రంగు చేతులు చీరకు తుడుచుకుని నేలకు వంగింది. ముప్పై ఏళ్లు వీధికి కనబడకుండా దాచింది. ఎవరు చూడకూడదో వాడొక్కడే చూశాడు, చూసి నేర్చుకున్నాడు. ఆమె మోకాళ్ల మీద పాకుతూ వచ్చి, కోడలి కాలి ముడిని ఒక్క లాగుతో విప్పేసింది.

నుదురు ముందు నల్లబడింది. తర్వాత కన్ను ఊదారంగై మూసుకుపోయింది. పెదవులు చిట్లాయి, మెడ చుట్టూ ఐదు వేళ్లూ నీలంగా లేచాయి, వీపు మీద బెల్టు వాతలు రవికె తడిచేలా పగిలాయి. మూడేళ్ల దెబ్బలు ఒక్క నిమిషంలో వచ్చి పడ్డాయి. సంధ్య పెట్టిన కేకకు వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి.

ముఖం కనబడడం లేదంది ఐఫోను. అశోక్ తెరను చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. కనబడడం లేదంది. అప్పుడు ఆమె ముఖం చూశాడు. పిడికిలి దానంతటదే వదులైంది. తల తిప్పితే గుమ్మంలో కృష్ణమ్మ, ఆమె వెనక వీధి వీధంతా నిలబడి ఉంది.

సంధ్య ఎడమకాలు చాపి, పాత ఫోను మీద బొటనవేలు పెట్టింది. ఠక్కున తెరుచుకుంది. వీడియో కాల్ కలిపి ముఖానికెదురుగా పట్టుకుంది.

"మెర్సీ మేడం, సూడుండ్రి. ఇగ రాయుండ్రి."

"రాస్తున్న అక్కా. వస్తున్న" అంది మెర్సీ.

సావిత్రమ్మ గోడకు జారగిలబడి చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరిపింది. తన కాలి ముడి ఎప్పుడో చర్మంలో కూరుకుపోయింది. దాన్ని గోటితో పైకి లాగుతూ అంది.

"బిడ్డా, జర గా ఫోను నా దిక్కు గూడ తిప్పు."