నౌకరి కోసం తిన్న అన్నం

మా ఆయన మైసయ్య బొగ్గు బాయిలో పనిచేస్తాడు. ఆయనకు సుగర్ బాగా పెరిగిందని తెలిసిన రోజు మందమర్రి కాలనీలో నన్ను ఓదార్చిన వాళ్లు లేరు.

"నీ కొడుకు నౌకరి నిలబడ్డట్టే వదినె," అంది పక్క క్వార్టరు రామవ్వ. "మా ఆయనకు కాలు తీసేదాక ఎవ్వలు పట్టించుకోలె. మీకు గంత దూరం పోకుంటనే అయితదేమో."

మా దగ్గర అందరూ చెప్పుకునే మాట ఇది. సర్వీసు మిగిలి ఉండగానే కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు మనిషిని అన్‌ఫిట్ అని రాస్తే, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. రిటైరయ్యాక వచ్చే జబ్బుకు ఏ విలువా లేదు. మైసయ్యకు రిటైర్మెంటు దగ్గర పడింది. మా బెన్నీ డిగ్రీ చదివి, పెళ్లిళ్లలో వీడియోలు తీసేవాళ్ల వెంట లైట్లు పట్టుకుని తిరుగుతున్నాడు.

నాకు మాత్రం నౌకరి కన్నా ముందు రామవ్వ వాళ్లాయన పుండు పడ్డ కాలు కనిపించేది. డ్యూటీ నుంచి ఆయన రావడం కొంచెం ఆలస్యమైతే గేటు దగ్గరికి పోయి నిలబడేదాన్ని. వచ్చాక పాదాలు చూడనిస్తేగానీ నీళ్లు ఇచ్చేదాన్ని కాదు.

దవాఖానా నర్సమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "గీ తెల్ల బియ్యం మిల్లుల పట్టి పట్టి తవుడంత పోయింది. ఒట్టి పిండే మిగిలింది. తిన్న జరసేపట్లనే రక్తంల చక్కెరయితది. జొన్న పొట్టుతోని ఉంటది, మెల్లగ అరుగుతది. అన్నం తగ్గించి రొట్టె పెట్టు."

బోథ్‌లో ఉన్న మా అన్నకు ఫోన్ చేస్తే జొన్నలు పంపించాడు. పట్టించి, వేడినీళ్లతో పిండి పిసికి, చేత్తో కొట్టి, పెనం మీద తడిబట్ట అద్ది కాల్చాను. మైసయ్య ఒక ముక్క తుంచి వాసన చూశాడు.

"మా అవ్వ చేసినట్టే ఉన్నది," అని పళ్లెం పక్కకు జరిపాడు. "అన్నం పెట్టు."

"జర గిది తిను బెన్నీ బాపూ."

"గిది తింటే సుగర్ దిగుతది. దిగినంక నన్నెవడు అన్‌ఫిట్ రాస్తడు? మీ అన్ననా?"

"కండ్లు పోతే?"

"పోతే ఇంక జల్ది రాస్తరు."

నవ్వుతూనే అన్నాడు. రేషన్‌లో దొడ్డుబియ్యం ఇచ్చిన రోజుల్లో సణుక్కుంటూ రెండు ముద్దలతో లేచేవాడు. ఇప్పుడు సన్నబియ్యం ఇస్తున్నారు. మూడు పూటలా కుప్ప పోయించుకుని తింటున్నాడు. మాత్రలు ఇస్తే దిండు కింద పెడుతున్నాడు.

ఆదివారం చర్చిలో అయ్యగారు బెన్నీ ఉద్యోగం కోసం ప్రార్థన చేయించారు. అందరూ కళ్లు మూసుకున్నారు. దేవుణ్ణి వాళ్లు అడుగుతున్నది ఏమిటో నాకు తెలుసు. ఆమెన్ అనడానికి నోరు రాలేదు. అనకపోతే నా వల్లే కొడుకు బతుకు ఆగిపోతుందేమోనని మళ్లీ భయం. గొంతులోనే అనుకున్నాను.

ఆ తర్వాత జొన్నరవ్వ మెత్తగా ఉడికించి పళ్లెంలో అడుగున వేశాను. పైన పలచగా అన్నం పరిచి పప్పు పోశాను. అప్పటికే ఆయన చూపు మసకబారింది, తెలియదనుకున్నాను. వేళ్లకు రవ్వ తగిలింది.

"కండ్లే పోతున్నయి, చెయ్యి మంచిగనే ఉన్నది," అని పళ్లెం నెట్టేశాడు.

బెన్నీ గడపలో చెప్పులు వేసుకుంటున్నాడు. "అవ్వా, బాపును ఇష్టమున్నట్టు తిననియ్యి. ఆయనకే లేని ఫికర్ నీకెందుకు?"

"నీకు బాపు కావాల్నా, నౌకరి కావాల్నా?"

వాడు ఫోన్ చూసుకుంటూ బయటికి పోయాడు.

అన్‌ఫిట్ కోసం పెట్టుకున్న అర్జీ మీద బోర్డు పిలిచిన రోజు తండ్రీకొడుకులు పొద్దున్నే బస్సెక్కారు. మధ్యాహ్నం దాటాక వచ్చారు. బెన్నీ ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు.

"ఏమన్నరు?"

"బాయిల దిగద్దట," అన్నాడు మైసయ్య. "పైన పని చేసుకోమన్నరు."

"అన్‌ఫిట్ కాదా?"

"పైన పనికి ఫిట్టే."

కుడి కంటి లోపల రక్తం దిగి అది పోయినట్టేనని, ఎడమది కూడా ఎక్కువ రోజులు ఆగదని అక్కడి డాక్టరు చెప్పాడట. అది చెప్పింది బెన్నీ, గోడ వైపు చూస్తూ.

అయినా నాలో ఒక్క ఆశ పుట్టింది. ఇక ఆయన అన్నం తినడానికి కారణం లేదు కదా. పొయ్యి వెలిగించి రొట్టెలు చేశాను. పక్క గిన్నెలో ఉన్న అన్నం బెన్నీ కోసం వండింది. ఇద్దరినీ కూర్చోబెట్టి ముందు మైసయ్య పళ్లెంలో రొట్టె వేశాను. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు.

"మళ్ళ అర్జీ పెట్టుకోవచ్చట," అన్నాడు కళ్లు తెరిచి. "సర్వీసు ఇంక జరంత ఉన్నది. రెండో కన్ను గుడ పోతే వాళ్లు మాత్రం ఏం జేస్తరు?"

రొట్టె తీసి కొడుకు పళ్లెంలో పెట్టాడు. ఖాళీ పళ్లెం నా వైపు చాపాడు.

నేను లేవలేదు. "నా చేత్తోటి పెట్ట," అన్నాను.

ఆయన పళ్లెం అట్లాగే చాపి ఉంచాడు. బెన్నీ లేచాడు. నా వైపు చూడకుండా గిన్నె మూత తీశాడు. గంటెతో అన్నం తీసి తండ్రి పళ్లెంలో వేశాడు.

మైసయ్య వేళ్లతో తడుముతూ కుప్ప ఎంత ఉందో చూసుకున్నాడు.

"ఇంకొంచెం వెయ్యి బిడ్డా," అన్నాడు.

బెన్నీ వేశాడు.