మంచులో పరిచిన గళ్ల తువ్వాలు

షికాగోలో మంచు కురిసిన మర్నాడు మనుషులు ఇళ్లల్లో కూర్చుంటారు, కుర్చీలు రోడ్డెక్కుతాయి.

రెండు గంటలపాటు నడుం విరిగేలా మంచు తోడి, ఇంటి ముందు కారు పట్టేంత జాగా చేసుకున్నవాడు ఆఫీస్‌కి పోతూ పోతూ ఆ జాగాలో ఒక పాత కుర్చీ పెట్టి పోతాడు. ఇది నాది, ఎవరూ కారు పెట్టొద్దు అని దానర్థం. కుర్చీ లేనివాళ్లు ఇస్త్రీ బల్ల పెడతారు. మా వీధిలో ఒకాయన మడత మంచం వేశాడు, మంచులో మంచం. దీన్ని ఇక్కడ డిబ్స్ అంటారు. ఇది చట్టంలో లేదు, చలికాలంలో ఉంది. రోడ్డు అందరిదీ కదా అని ఒకరూ, నడుం నాదే కదా అని ఇంకొకరూ ప్రతి ఏడూ టీవీ వార్తల్లో వాదించుకుంటారు. నా సిద్ధాంతం ఒక్కటే. పార పట్టినవాడే కింగ్, అందుకే దాన్ని పార్కింగ్ అన్నారు.

మా కింది పోర్షన్‌లో ఉండే దైవాశీర్వాదం పార పట్టడంలో కింగే. పట్టుదల వెనక కారణం ఆయన భార్య దెబోరా. ఆవిడ హాస్పిటల్‌లో నర్సు, ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డ్ వాయిస్తుంది. నిరుడు జనవరిలో ఇంటి దగ్గర జాగా దొరక్క మూడు వీధుల అవతల కారు ఆపి నడిచొస్తూ జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ప్లేటు వేసి బిగించిన డాక్టరు, అదే చెయ్యి మళ్లీ విరిగితే కీబోర్డ్ సంగతి మర్చిపోమన్నాడు. నిరుడు ఈస్టర్‌కి చర్చిలో పాటలన్నీ చప్పట్లతోనే నడిచాయి. ఈ చలికాలం దెబోరా అడుగు కారులోంచి దిగితే తిన్నగా మన గేట్లోనే పడాలని ఆయన పంతం పట్టాడు.

మొదటి మంచు పడిన పొద్దున దెబోరా డ్యూటీకి వెళ్లగానే ఆయన జాగా అంతా నేల కనపడేదాకా గీకేశాడు. తర్వాత ఇంట్లోకెళ్లి ఎర్ర గళ్ల తువ్వాలు తెచ్చి జాగా నడిమధ్య పరిచి, నాలుగు మూలలా నాలుగు మంచుగడ్డలు పెట్టాడు.

"కుర్చీ పెట్టండి ఆశీర్వాదం గారూ, ఇక్కడి భాష అదే," అన్నాను.

"కుర్చీ కనబడితే ఎవడన్నా కూర్చుంటాడండీ. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేశాక ఆ సీట్లో కూర్చునే మొనగాడు మా నర్సాపురంలో ఇంకా పుట్టలేదు, ఆయ్."

"ఇది నర్సాపురం కాదు కదండీ."

"నర్సులున్న చోటల్లా నర్సాపురమేనండి," అని గేటు వేసుకుని లోపలికి పోయాడు. ఆ మాట నాకు తట్టనందుకు ఆ పూటంతా నాకు అన్నం సయించలేదు.

సాయంత్రం దెబోరా వీధి మలుపులోంచే ఫోన్ చేసి, "ఏవండీ, మన సీట్లో ఎవరో కూర్చున్నారు," అంది. చూస్తే మా గేటు ముందు ఆకుపచ్చ వ్యాన్ ఒకటి నింపాదిగా ఉంది. తువ్వాలు మాత్రం గేటు మీద, అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆవిడ మళ్లీ మూడు వీధుల అవతలే ఆపాల్సొచ్చింది. ఆయన మంచు కరిగించే ఉప్పు పాకెట్ పట్టుకుని పరిగెత్తాడు. పెళ్లికూతురి ముందు పూలు చల్లినట్టు ఆవిడ ముందు ఉప్పు చల్లుకుంటూ ఇంటిదాకా తీసుకొచ్చాడు. మలుపు దగ్గర ఆవిడ కాలు ఒకసారి జారిందట. ఆయన కాలర్ పట్టుకుని నిలదొక్కుకుంది. చొక్కా చిరిగినందుకు ఆయన దేవుడికి స్తోత్రం చెప్పాడు.

రెండో రోజూ అదే తువ్వాలు, అదే వ్యాన్. వ్యాన్ వచ్చే వేళకి నేను ఆఫీస్‌లో ఉంటాను. ఆయన వెనకగదిలో మీటింగుల్లో ఉంటాడు. అది పోయేది మేం భోజనాలకి కూర్చున్నాక. అంచేత డ్రైవర్ మొహం మాకెవరికీ తెలీదు. దొరికితే ఉతికి ఆరేస్తానని దైవాశీర్వాదం ప్రకటించాడు. మూడో రోజు సాయంత్రం చూస్తే తువ్వాలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ కూడా చేసి గేటుకి వేలాడుతోంది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. అప్పటిదాకా ఆయనకున్న కోపం కరిగి కుతూహలంగా గడ్డకట్టింది. ముగ్గురం డైనింగ్ టేబుల్ మీద తువ్వాలు పరిచి పోలీసుల్లా పరీక్ష చేశాం. ఏదో పూల సబ్బు వాసన. మరకల్లేవు. చివర్న ఎప్పుడో ఊడిన కుట్టు కూడా ఎవరో వేశారు.

"జాగా కొట్టేసేవాడు మడత పెట్టడమెందుకు?" అన్నాను.

"వెక్కిరింపండి. నీ రిజర్వేషన్ నాకు జేబురుమాలుతో సమానం అంటున్నాడు."

"వెక్కిరించేవాడు కుట్టు వేస్తాడా?" అంది దెబోరా. "ఇంతకంటే వ్యాన్ అద్దానికి ఒక చీటీ పెట్టొచ్చుగా మీరు."

"తువ్వాలుని మించిన చీటీ ఏముంటుందే," అన్నాడాయన. పరువు పోయినా ఫరవాలేదు గాని పద్ధతి పోకూడదని ఆయన లెక్క.

మా ఎదురింట్లో రిటైరైన ఫైర్‌మన్ ఒకాయన ఉన్నాడు. మంటలార్పి ఆర్పి ఇప్పుడు పెట్టే పనిలో ఉన్నాడు. ఇలాంటి దొంగలకి షికాగోలో పాతకాలపు మందు ఒకటుందని ఆయన దైవాశీర్వాదానికి చెప్పాడు. చీకటి పడ్డాక కారు తలుపుల మీద బకెట్ నీళ్లు పోస్తే చాలు, గడ్డకట్టుకుపోయి తెల్లారేదాకా తలుపు రాదు. సండేస్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి ఇలాంటి సలహా వినకూడదు. కానీ ఆ రాత్రి దెబోరా మణికట్టుకి వేడినీళ్ల కాపడం పెట్టుకోవడం చూశాడు. మొన్న మలుపు దగ్గర జారినప్పుడు బరువంతా ఆ చేతి మీదే పడిందట.

నాలుగో రోజు నేను ఇంటి నుంచే పని చేశాను, సగం ఆఫీస్‌కి, సగం కిటికీకి. సరిగ్గా మధ్యాహ్నం మీటింగ్‌లో నన్ను మాట్లాడమన్నప్పుడే వ్యాన్ వచ్చింది. తిరిగి చూసేసరికి డ్రైవర్ లేడు. దీపాలు వెలిగే వేళకి దైవాశీర్వాదం బకెట్‌తో బయటికొచ్చాడు. నేనూ దిగాను. ఆపడానికని చెప్పుకోవచ్చు గాని, వెళ్లింది చూడ్డానికే.

తువ్వాలు యథాప్రకారం గేటు మీద ఉంది. ఆయన దాన్ని లాగి భుజాన వేసుకుంటుంటే దాని మడతలోంచి ఏదో కింద పడింది. తీసి చూశాను. కొత్త పాకెట్, విప్పలేదు. చెక్క క్లిప్పులు, దండెం మీద బట్టలకి పెట్టేవి.

"ఇదేంటండీ?" అన్నాడు.

నాకూ అర్థం కాలేదు. ఇద్దరం ఆ పాకెట్‌ని అటూ ఇటూ తిప్పుతుంటే పక్క బిల్డింగ్ తలుపు తెరుచుకుంది. ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఒకరు బయటికొచ్చి, దైవాశీర్వాదం చేతిలో బకెట్, భుజాన తువ్వాలు, ఎదురుగా తన వ్యాన్ చూసి గబగబా మెట్లు దిగింది.

"అయ్యో, వద్దు. ఈ చలిలో నా వ్యాన్ కడుగుతారా? తువ్వాలు ఉతికినంత మాత్రానికి ఇంత చేయాలా?"

ఆవిడ పేరు హలీనా. పోలండ్ మనిషి. పక్క బిల్డింగ్‌లో ఒంటరిగా ఉండే ముసలాయనకి మధ్యాహ్నం వచ్చి వంట చేసి, సాయంత్రం తినిపించి వెళ్తుంది. ఆవిడ ఇంగ్లీషు పోలండ్ యాసలో, ఈయన ఇంగ్లీషు గోదావరి యాసలో. ఇద్దరిదీ ఇంగ్లీషువాళ్లకి దూరమే గనక ఒకరిది ఒకరికి బాగా దగ్గరైంది. మొదటి రోజు ఖాళీ జాగా చూసుకుని వ్యాన్ ఆపబోతే నేల మీద, చూరు నుంచి రాలినట్టున్న మంచుగడ్డల కింద తువ్వాలు కనపడిందట. పైన బాల్కనీలోంచి గాలికి ఎగిరిపడిందనుకుని, తీసి మడిచి గేటు మీద పెట్టింది. మర్నాడు మళ్లీ పడింది. మూడో రోజు బురదయిందని పైకి పట్టుకెళ్లి ముసలాయన చొక్కాలతోపాటు ఉతికి ఇస్త్రీ చేసింది. పాపం వీళ్లకి క్లిప్పులు లేవనుకుని ఇవాళ వస్తూ వస్తూ కొనుక్కొచ్చింది. ఇదంతా చెప్పి గొంతు తగ్గించింది.

"ఏమనుకోకండి. మీ ఇంట్లో ఉన్నది ఒక్కటే తువ్వాలా?"

దైవాశీర్వాదం బకెట్‌లోకి చూశాడు. నీళ్ల మీద అప్పుడే పల్చగా మీగడ కడుతోంది.

"అది పడలేదమ్మా," అన్నాడు. "నేనే పరిచాను."

నర్సాపురం బస్టాండు, కిటికీలోంచి విసిరే తువ్వాళ్లు, సీటు హక్కులు, దెబోరా మణికట్టు, అన్నీ చెప్పాడు. ఆవిడ కుర్చీ ఎందుకు పెట్టలేదని అడగలేదు. ఈ నాలుగు రోజులూ మీ ఆవిడ కారు ఎక్కడ ఆపింది అని మాత్రం అడిగింది. ఆయన చెయ్యెత్తి మలుపు వైపు చూపిస్తుండగానే ఆ మలుపులోనే దెబోరా కారు లైట్లు కనపడ్డాయి. హలీనా ఇంకో మాట మాట్లాడకుండా వ్యాన్ ఎక్కి జాగా ఖాళీ చేసింది. దెబోరా వచ్చి ఆపి దిగింది. దిగిన కాలు గేట్లో పడింది.

"ఈ బకెట్ ఎందుకండీ?" అంది.

ఆయన నా వైపు చూశాడు. నోరు మూసుకుని ఉండటం నాకు అలవాటు లేని విద్య, ఆ ఒక్కసారికీ ప్రదర్శించాను. దెబోరా చూపు బకెట్ మీద ఉండటం చూసి, వ్యాన్ అద్దం దించి హలీనాయే, "నా వ్యాన్ కడుగుతానంటున్నారు, మంచి మనిషి," అంది. తర్వాత ఆయన్ని అడిగింది, "మీ బస్సులో తువ్వాలు బదులు మనిషే కూర్చుని సీటు ఆపొచ్చా?"

"అదేనండి అసలు రిజర్వేషన్," అన్నాడు.

అప్పట్నుంచి ఆ చలికాలమంతా మా తువ్వాలు ఆకుపచ్చ వ్యానే. ముసలాయన భోజనం త్వరగానే అయిపోయినా ట్రాఫిక్ తగ్గేదాకా పైనే కూర్చునే హలీనా, దెబోరా ఫోన్ చేయగానే దిగొచ్చి జాగా ఇచ్చేది. ట్రాఫిక్ తగ్గేదాకా దెబోరా ఇచ్చిన అల్లం టీ వ్యాన్‌లోనే కూర్చుని తాగేది.

ఈస్టర్ ముందటి శనివారం ఎండ కాసింది. దైవాశీర్వాదం అదే బకెట్‌తో వచ్చి ఆ వ్యాన్‌ని పైనుంచి కిందిదాకా కడిగాడు. వద్దు వద్దంటూనే హలీనా గేటు దగ్గర నిలబడి, లోపల్నుంచి వినపడుతున్న కీబోర్డ్ ఎవరిదని అడిగింది. ఎవరిదో చెప్పి, ఆయన టైర్ల వైపు వంగాడు. భుజం మీది తువ్వాలు జారి రోడ్డు మీద పడింది. హలీనా వెళ్లి దాన్ని తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి గేటు మీద వేసింది. ఈసారి క్లిప్పు పెట్టింది.