గోతి మీద వియత్నాం వాన

ఓడ వచ్చిన రోజున మా దీవిలో బియ్యం మూట ఎవరూ ఇంట్లో విప్పరు. వాకిట్లో పెట్టి, చుట్టూ బకెట్లూ గిన్నెలూ పేర్చి, ఆరేసిన బట్టలు లోపల పడేసి అప్పుడు కుట్టు విప్పుతారు. ఎందుకంటే పంట ఏ నీళ్ళు తాగి పెరిగిందో, మూట విప్పగానే ఆ నీళ్ళే వానగా కురుస్తాయి.

మా చిన్నప్పుడు ఆస్ట్రేలియా బియ్యం వచ్చేవి. విప్పితే వడగాలీ, ఎర్రదుమ్మూ, వాటితోపాటు నాలుగంటే నాలుగు చుక్కలు. తర్వాత ఆ దొరల సరుకు మాకు అందకుండా పోయింది. ఫిజీ చక్కెర మొదలైంది, థాయ్‌లాండ్ బియ్యం వచ్చాయి, ఆఖరికి వియత్నాం బియ్యం దిగాయి. అబ్బ, ఏం వాన! కుండపోత. చైనా బకెట్లు మాత్రం పొడిగానే వచ్చేవి, ఫ్యాక్టరీలో వాన పడదు కదా. వియత్నాం వానని చైనా బకెట్లలో పట్టుకు తాగుతూ మా దీవి ఎంత బాగుపడిందో అని మురిసిపోయాం. సిగ్గులేని జనం మేం.

మా ఊరి ముసలాయన సలోవాకి మాత్రం ఓడ సరుకంటే ఒళ్ళుమంట. ఆయనకి పులకా గొయ్యి ఉండేది. పులకా అంటే చేమలాంటిదే, కాకపోతే మనిషెత్తు పెరుగుతుంది. అడుగున మంచినీళ్ళు తగిలేదాకా తవ్వి ఆ గోతిలో వేస్తాం. ఏ ఆకులు కుళ్ళబెట్టి వేస్తే దుంప ఊరుతుందో ఒక్కో ఇంటిది ఒక్కో గుట్టు. సలోవా తన గుట్టు పెళ్ళాం కటలైనాకి కూడా చెప్పలేదు. నలభై ఏళ్ళు కాపరం చేసి నాలుగు ఆకుల పేర్లు తెలీనిదాన్ని నేనొక్కత్తెనే అని ఆవిడ అందరికీ చెప్పుకుని నవ్వేది.

ఆ ఏడు ఫిబ్రవరి పోటుకి సముద్రం నేల అడుగునుంచి గోతుల్లోకి ఊరింది. ఆ ఉప్పుకి మొక్కలన్నీ ఎండిపోయాయి. సలోవాది ఒక్కటే, ఆకులు పసుపెక్కినా, ప్రాణంతో మిగిలింది. ఎండిన గోతులు ఇసకతో పూడ్చి ఓడ సరుకులకి గోదాం కడదామని ఊరి సంఘం తీర్మానించింది. సంఘం పెద్ద ఫియతావు సలోవాకి స్వయానా మేనల్లుడు. మా దగ్గర మేనమామకి ఎదురు చెప్పరు, అందుకని తల వంచుకునే వచ్చాడు.

"పది రోజులాగి వస్తాం మావయ్యా. ఒక్క ఆకు పచ్చగా ఉన్నా నీ గొయ్యి జోలికి రాం. లేదంటే మాత్రం నన్ను తిట్టుకోకు."

ఆకు చూసుకునే పోదువుగాని అన్నాడు సలోవా.

ఉప్పు కడగాలంటే మంచినీళ్ళు కావాలి. ఆకాశంలో మబ్బు తునక లేదు. మూడు రోజులు ఆకాశాన్ని తిట్టి, నాలుగో రోజు తండ్రి చెక్కిన పడవని కొట్టువాడికి అప్పగించి, బదులుగా ఆరు మూటల వియత్నాం బియ్యానికి మాట తీసుకున్నాడు. ఓడ సరుకు గడప తొక్కనివ్వని మనిషి అంతపని చేశాడని ఊరు నోరెళ్ళబెట్టింది.

రోజుకో మూట గోతి గట్టున విప్పాడు. దబదబా కురిసింది వాన. జనం సబ్బులు పట్టుకొచ్చి అక్కడే స్నానాలు చేశారు. ఐదో మూటకి నడిమొక్కలోంచి చుట్టచుట్టుకున్న కొత్త ఆకు లేచింది, లేతపచ్చగా. ఆ పూట కటలైనాని పక్కన కూర్చోబెట్టుకుని ఎరువు ఆకుల పేర్లన్నీ చెప్పాడు. ఆవిడ ఒక్కోటీ రెండేసిసార్లు అనుకుంది. మా అందరి కడుపులూ చల్లబడ్డాయి.

ఆరో మూట ఇవ్వడానికి కొట్లో పాత సరుకు అయిపోయింది. కొట్టువాడు కొత్తగా దిగిన ఓడలోంచి ఇచ్చాడు. అదే దేశం, సంచి మీద అదే బొమ్మ. సలోవా విప్పాడు. వాన ఎప్పట్లాగే పడింది. పెదాలు నాలికతో తడిమి చూసుకుని, ఉన్నట్టుండి సంచి మూతి రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. వాన ఆగలేదు.

"ఏమైంది?" అంది కటలైనా.

"ఉప్పు."

"నీ చెమటేమో చూడు."

"మన ఉప్పు నాకు తెలీదా? ఇది వేరేవాళ్ళది. పాపం, ఎవడో గాని... వాడి చేలోకీ వచ్చేసిందే సముద్రం."

తెల్లారేసరికి కొత్త ఆకు నల్లబడి వాలిపోయింది. సంఘం వాళ్ళు వచ్చారు. ఫియతావు గట్టు మీంచి వంగి ఆ ఆకు పట్టుకు చూశాడు. సలోవాయే అన్నాడు:

"పూడ్చెయ్యరా అల్లుడూ. నిన్నేం తిట్టుకోను. గోదాం మాత్రం పెద్దది కట్టకండి. ఆ బియ్యం ఇంకెన్నాళ్ళో రావు."

మేం పెద్దదే కట్టాం. పడవా గొయ్యీ లేని మనిషి ఇంకేం చేస్తాడని సలోవాని అందులోనే పనికి పెట్టుకున్నాం. మూట దిగగానే కుట్టు విప్పి, మొదటి చుక్క నాలిక మీద పట్టి, తాగొచ్చో లేదో చెప్పడం ఆయన పని. మేమంతా గిన్నెలు పట్టుకుని ఆయన మొహమే చూస్తూ నిలబడతాం. ఈ మధ్య తల అడ్డంగా ఊపుతున్నాడు.