సరిత నోట్ల రంగి

రంగి వాకిట్ల కూసోని బాసన్లు తోముతుంటే కబురొచ్చింది. పక్కింటి కోడలు సరిత మీదికి రంగి వచ్చిందట! ‘నేను రంగిని’ అని ఊగుతున్నదట.

“నేనా? నేను గీడనే ఉన్న గదా!” అన్నది రంగి, బూడిద చేతులు చూసుకుంట.

తెల్లారేసరికి ఇంకో ఇద్దరాడోళ్లు ఊగిండ్రు. వాళ్ల నోట్ల గూడ రంగేనట.

రంగి మీద ఈ కడుపుమంట ఇయ్యాల్టిది కాదు. పోయిన ఎండాకాలం మోతె ఊరి పక్కనున్న ఈ తండాల బోర్లన్నీ ఎండిపోతే, మొగుడు పోయిన రంగి బోరు మాత్రం పోసింది. మిరపతోట నిలబడ్డది. “మొగోడు లేకుండ గంత పంట ఎట్ల పండుతది? మంత్రాలు చేస్తున్నది,” అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది సరిత అత్త సక్రి. నడుములిరిగేటట్టు చేస్తే పండుతది తల్లీ! ఆడదాని చాకిరీ ఎవరి కంటికీ ఆనదు గని, పండిన మిరపకాయ మాత్రం అందరి కండ్లల్ల పడ్డది.

రంగి నోట్ల పండ్లు ఊడగొడితే మంత్రం పారదని తండా పెద్దమనిషి ఫూల్‌సింగ్ తేల్చిండు. సరిత మొగుడు మోతీలాల్ కటింగ్ ప్లయర్ పట్టుకొచ్చిండు. రంగిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి సరిత ముందర కూలేసిండ్రు. అయినా చిత్రం సూడుండ్రి, రంగి మనసుల ఒక్కటే ఆరాటం: ఇంతకూ ఈ పిల్ల నోట్ల నేనేమంటున్న?

చెవులు పెట్టి ఇన్నది.

“నేను రంగిని! పత్తి ఏరొచ్చినంక గూడ నన్ను జరసేపు కూసోనియ్యరు. మాడిన బువ్వ నాకే పెడతరు. మళ్ల ఆడపిల్లనే అని పట్నం తీస్కపోయి కడుపు తీయించిండ్రు. ఏడిస్తే తన్నిండ్రు!”

మాడిన బువ్వ ఎవరు పెడతరు రంగికి? వండేదీ తనే, తినేదీ తనే. కడుపైతే ఏనాడూ పండనే లేదు. ఇవి తన ముచ్చట్లు కావు. ఓయమ్మా, ఈ పిల్ల నా పేరు పెట్టుకోని తన ఏడుపు ఏడుస్తున్నది! సరితగా చెప్తే చెంపలు పగులుతయి. రంగి పేరు మీదైతే తండా అంతా నిలబడి ఇంటున్నది.

“ఇన్నరా ఆ రంగి మాటలు?” అన్నది సక్రి.

అవి నీ కోడలి మాటలే అని ఒక్క ముక్క అంటే చాలు, రంగి పండ్లు దక్కుతయి. కానీ ఇంటికి పోయినంక ఈ పిల్ల గతేంది? రంగి మోకాళ్ల మీద ముందుకు జరిగి సరిత చెయ్యి పట్టుకున్నది.

“ఇంకేమంటున్న బిడ్డా నేను? కడుపుల ఉన్నదంత చెప్పు. నా పేరు మీదనే చెప్పు.”

సరిత ఊగుడు ఆగింది. రంగి ముఖం సూసింది, మొగుడి చేతిల ఉన్న ప్లయర్ సూసింది. విరబోసిన జుట్టు దగ్గరికి తీసుకోని ముడేసుకున్నది.

“నీ పేరొద్దు పెద్దమ్మా,” అన్నది. “పోయిన బిడ్డ నాది. నేను సరితను.”