బావి మీద గచ్చు

గంగాధరరావుగారి పెరట్లో గచ్చు మధ్యలో కుంగి ఎన్నేళ్ళయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వాన పడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి, పాకుడు పడుతుంది. అందరూ పక్కనుంచి తప్పుకుని నడవడం అలవాటు చేసుకున్నారు. మనిషికి ఏదైనా అలవాటవుతుంది, కాలు జారేదాకా. పోయిన నెలలో మనవడు ఉదయ్ కిరణ్ భార్య మనస్వి, ఐదో నెల కడుపుతో, బట్టలు ఆరెయ్యబోయి ఆ పాకుడు మీదే జారింది. చేతికి తీగ దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే పెద్దాయన తీర్మానించేశారు. పాత గచ్చు మీద ఊచలు కట్టి కాంక్రీటు చప్టా పోయించాలి.

ఆయన భార్య మంగాయమ్మగారికి కొన్ని పట్టింపులున్నాయి. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా గొయ్యి తవ్వకూడదు, పూడ్చకూడదు, పునాది తీయకూడదు. "తవ్వేదీ లేదు, పూడ్చేదీ లేదు, గచ్చు మీద గచ్చే కదే" అని ఆయన నచ్చజెప్పాక ఆవిడ ఒప్పుకున్నారు. మనస్వి పేరున మొక్కు తీర్చడానికి ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి అన్నవరం బస్సెక్కారు. కూలీలు కాంక్రీటు తట్టలతో మోసి పోస్తారనే ఆవిడ అనుకున్నారు. ఆవిడ అటు వెళ్ళగానే ఉదయ్ కిరణ్ ఇటు కైకలూరుకు ఫోన్ చేసి మిక్సర్ లారీ మాట్లాడాడు. ఇంటివైపు సగానికి ఊచలు కట్టడం అయిపోయింది. లారీ రెండో సగం మీదికి వెనక్కి వచ్చి ఆ ఊచల్లోకి పోస్తుంది.

ఉదయ్ తల్లి నాగదుర్గకు ఈ లారీ సంగతి టిఫిన్ దగ్గర తెలిసింది. ఇడ్లీ వడ్డిస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ రెండో సగం కింద బావి ఉంది. పూడ్చారో లేదో ఆవిడకు తెలియదు.

చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులైన కొత్తలో పెరటి బావిలో నీళ్ళు ఉప్పెక్కాయి. ఆ నీళ్ళతో పప్పు ఉడకడం మానేసింది. గంగాధరరావుగారు బావి పూడ్పించి పైన గచ్చు చేయించమని చెప్పి, చెరువులో రొయ్యల పట్టుబడి పని మీద వెళ్ళిపోయారు. అప్పటికి నాగదుర్గకు రెండు కడుపులు నిలవకుండా పోయి, మూడోసారి నెలలు నడుస్తున్నాయి. మంచం దిగవద్దన్నారు డాక్టరు. మంగాయమ్మగారు వచ్చి ఆ మంచం పట్టె మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పారు.

"బావి పూడ్పించలేదే. తాటి దూలాలు అడ్డం వేయించి, పైన రాతిపలకలు పరిపించి గచ్చు చేయించేశాను. ఈ బిడ్డ దక్కాలి. నీ పురుడయ్యాక చూద్దాం. మీ మావయ్య చెవిన మాత్రం పడనివ్వకు."

బిడ్డ దక్కాడు. వాడే ఉదయ్ కిరణ్. పుట్టింటి నుంచి పిల్లాణ్ణెత్తుకుని తిరిగొచ్చాక నాగదుర్గ ఒకసారి బావి మాట ఎత్తితే, "అయిందిలేవే" అన్నారు అత్తగారు. ఏమయింది, పూడ్చడమా, మర్చిపోవడమా? అత్తగారు అయిందన్నాక మళ్ళీ తిరగదోడి అడిగే కోడలు కాదు నాగదుర్గ.

టిఫిన్ అయ్యాక ఆవిడ పెరట్లోకి వచ్చి మామగారి పక్కన నిలబడింది.

"మావయ్యగారూ, ఇక్కడ బావి ఉండేది కదండీ. లారీ బరువుకి ఆగుద్దంటారా?"

"బావెక్కడిదమ్మా, ఎప్పుడో పూడిపోతేను. ట్రాక్టర్లతో మట్టి తోలించింది నేనే కదా."

ఆ మట్టి పశువుల కొట్టం మెరక చెయ్యడానికి పోయిందని నాగదుర్గకు తెలుసు. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. గంగాధరరావుగారు మంచివారే, కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. అబద్ధమంటే ఆయనకు గిట్టదు. సొంత తమ్ముడు ఒక్క అబద్ధమాడాడని అతను పోయేదాకా మాట్లాడలేదు. ఇప్పుడు మేస్త్రీ ముందు, కొత్తకోడలి ముందు, మీ భార్య ఇన్నేళ్ళూ మిమ్మల్ని మోసం చేసిందండీ అని ఏ నోటితో చెప్పడం? పైగా ఆ మోసం తన కడుపు కోసమే జరిగింది. పోనీ చెప్పకుండా ఊరుకుంటే, లారీ వెనక నిలబడబోయేది తన కొడుకు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాగదుర్గకు గొయ్యి సంగతి ఎలా ఉన్నా, నుయ్యి మాత్రం కాళ్ళ కిందే ఉంది.

అత్తగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. వ్రతంలో కూర్చున్నారేమో, ఎత్తలేదు.

"ఏసుకుమార్ గారూ, ఒక్కసారి ఇక్కడ గునపంతో పొడిచి చూస్తారా?" అని మేస్త్రీని అడిగింది.

ఏసుకుమార్ వచ్చి కుంగినచోట గునపం మొనతో రెండు దెబ్బలు వేశాడు. చప్పుడు డొల్లగా వచ్చింది.

"పాత గచ్చులన్నీ ఇలాగే పలుకుతాయండి. కింద మట్టి దిగిపోద్ది, అంతే," అని అతను గునపం పక్కన పడేసి, ఊచలకు తీగ చుట్టే పనిలోకి వెళ్ళిపోయాడు. కింద బావి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు మరి.

ఇంక కొడుకే మిగిలాడు. వాణ్ణి పక్కకు పిలిచింది.

"ఉదయ్, లారీని గేటు బయటే ఆపించరా. తట్టలతో మోయిద్దాం."

"ఎవరు మోస్తారమ్మా? కూలీలంతా పట్టుబడికి కలిదిండి పోయారు, నాన్నతోపాటే. లారీ వచ్చేస్తోంది. ఎక్కువసేపు నిలబెడితే లోపలే గట్టిపడిపోద్ది."

"ఇక్కడ నేల మంచిది కాదురా."

"నానమ్మ ఊళ్ళో లేదనుకుంటే నువ్వు మొదలెట్టావా?" అని నవ్వాడు వాడు. వాడి నవ్వు చూస్తే ఆవిడకు ఏడుపొచ్చింది.

గేటు దగ్గర హారన్ మోగింది. లారీ రోడ్డు మీదినుంచి తిరిగి, వెనక గుండ్రంగా తిరుగుతున్న డ్రమ్ముతో, పెరటి గేటులోకి వెనక్కి రావడం మొదలుపెట్టింది. కిటికీ అద్దాలు అదిరాయి. చప్పుడుకి మనస్వి కూడా మెట్ల మీదికి వచ్చి నిలబడింది. ఉదయ్ కిరణ్ వెళ్ళి లారీ వెనక, సరిగ్గా ఆ కుంగినచోట నిలబడి, "రా రా రా, ఇంకా రా" అని చెయ్యి ఊపుతున్నాడు. పెద్దాయన అరుగు మీద కుర్చీ వేయించుకుని పెళ్ళి చూస్తున్నంత సంబరంగా చూస్తున్నారు.

నాగదుర్గ చేతిలో ఫోన్ మోగింది.

"ఏంటే దుర్గా, ఇన్నిసార్లు చేశావు? పీటల మీద ఉన్నాం."

"అత్తయ్యగారూ, నా పురుడయ్యాక బావి పూడ్పించారా?"

"ఇప్పుడా గొడవెందుకే? పక్కనెవరున్నారు?"

"పూడ్పించారా లేదా, అదొక్కటి చెప్పండి."

"ఎక్కడ పూడ్పించనే? నీ పురుడయ్యేసరికి మా అమ్మాయికి నెల తప్పింది. అది ఒడ్డెక్కేసరికి మళ్ళీ నీకు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కడుపుతోనే ఉంటిరి కదే. పైన గచ్చుందిలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఇంకో గచ్చు పడితే ఇంకా గట్టి పడుద్ది కదా అని..."

మిగతా మాటలు నాగదుర్గ వినలేదు. పరిగెత్తింది. అరవబోయింది కానీ ఆ ఇంజన్ రొదలో ఆవిడ గొంతు ఆవిడకే వినపడలేదు. లారీ వెనక చక్రాలు గచ్చు అంచు ఎక్కాయి. ఉదయ్ ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆవిడ పక్కనుంచి వెళ్ళి కొడుకు చొక్కా రెండు చేతులతో పట్టుకుని, చిన్నప్పుడు కాలవ గట్టు మీదినుంచి లాగినట్టు ఒక్క లాగు లాగింది. ఇద్దరూ ఊచల మీద పడ్డారు. అద్దంలో చూసిన డ్రైవరు బ్రేకు తొక్కాడు.

ముందు సన్నగా పటపటమని వినపడింది. తర్వాత కుంగిన భాగం కుంగినట్టే, పెద్ద ఆర్భాటమేమీ లేకుండా, లోపలికి వెళ్ళిపోయింది. గచ్చు పెచ్చులు, రాతిపలకలు, పిండయిపోయిన తాటి దూలాలు, మేస్త్రీ పడేసిన గునపం, అన్నీ పోయాయి. కిందెక్కడో నీళ్ళు గట్టిగా కొట్టుకున్నాయి. డ్రైవరు లారీని ముందుకు ఉరికించి రోడ్డెక్కించేశాడు.

ఉదయ్ కిరణ్ లేచి ఆ బొంద వైపు చూసి, మళ్ళీ కూర్చుండిపోయాడు. వాడి మోచెయ్యి చీరుకుపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. నాగదుర్గ వాడి తల, భుజాలు, వీపు తడుముతూనే ఉంది. ఇరవయ్యేళ్ళు దాటిన కొడుకు, పెళ్ళయిన కొడుకు, తల్లి చెయ్యి విదిలించుకోకుండా కూర్చున్నాడు.

గంగాధరరావుగారు నెమ్మదిగా వచ్చి అంచుకు దూరంగా నిలబడి లోపలికి తొంగి చూశారు. నల్లటి నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.

"నీకు తెలుసా అమ్మా?" అన్నారు కోడలితో.

ఊచల మీద పడిన ఫోన్‌లోంచి "దుర్గా, ఏమయిందే, దుర్గా" అని మంగాయమ్మగారు పిలుస్తూనే ఉన్నారు. నాగదుర్గ జవాబు చెప్పేలోపే ఆయన వంగి ఫోన్ తీసుకున్నారు. చెవి దగ్గర పెట్టుకోకుండా, ఎదురుగా పట్టుకుని మాట్లాడారు.

"పూడ్చానన్నావు."

"పూడ్చలేదండీ. పిల్లాడు దక్కాలని అలా చేశాను."

ఆయన ముఖం ఎర్రబడింది. ఇంకేముంది, అయిపోయిందనుకుంది నాగదుర్గ. పెద్దాయన ఊచల మధ్య కూర్చున్న మనవణ్ణి చాలాసేపు చూశారు. ఏమనుకున్నారో గానీ తిట్టలేదు.

"సరే. మట్టి తోలించి ఇప్పుడే పూడ్పిస్తాను."

"వద్దండీ." ఆవిడ ఏడుస్తున్నారు. "మనస్వి కడుపుతో ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, దాని పురుడయ్యేదాకా ఆగండి. ఇప్పటికే ఒక గండం గడిచింది. ఇంకోటి తెచ్చుకోవద్దు."

గంగాధరరావుగారు మెట్ల మీదున్న మనస్వి వైపు చూశారు. ఆ చూపులో బెదురు చూసి నాగదుర్గ నిర్ఘాంతపోయింది. ఈయనకు కూడా భయం ఉందని ఆవిడకు ఇన్నాళ్ళూ తెలియదు.

"పోనీ చుట్టూ కంచె కట్టిద్దాం," అన్నారాయన మెల్లిగా. "నాలుగు నెలలే కదా. ఏం ఏసుకుమార్?"

మేస్త్రీ తల ఊపాడు. ఉదయ్ కిరణ్ కూడా కాదనలేదు.

నాగదుర్గకూ ఆ మాటే హాయిగా తోచింది. అదే ఆవిణ్ణి భయపెట్టింది. నిలవని రెండు కడుపులూ ఆవిడకు ఇంకా గుర్తే. బావి పూడ్పిస్తే ఏమవుద్దో ఆవిడకు తెలియదు. పూడ్చకపోతే ఏమవుద్దో ఇందాకే కళ్ళారా చూసింది. మనస్వి తర్వాత అలేఖ్య ఉంది, ఉదయ్ చెల్లెలు, పోయిన మాఘంలోనే పెళ్ళయింది. రేపు పురిటికి అదీ ఇక్కడికే వస్తుంది.

ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. చప్టా అంచులు ఎత్తు చెయ్యడానికి తోలించిన మట్టి గేటు పక్కనే కుప్పగా ఉంది. వెళ్ళి తట్ట నింపుకుంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు ఉదయ్.

"పూడుస్తున్నాను."

"రేపు ఏదైనా అయితే అమ్మా," అన్నారు గంగాధరరావుగారు. అది కోపం కాదు, బతిమాలడం.

"నన్ననండి మావయ్యగారూ. అందరూ నన్నే అనండి."

ఆయన చేతిలో ఫోన్‌లోంచి మంగాయమ్మగారు వద్దే, వద్దే అంటున్నారు. ఇన్నేళ్ళలో నాగదుర్గ అత్తగారి మాట కాదన్నది ఇదే మొదటిసారి. తట్ట ఎత్తుకుని బొంద దగ్గరికి నడిచింది. ఇంటికి అంతటి మేలు చేస్తున్నా మనస్వి ముఖంలోకి చూసే ధైర్యం ఆవిడకు చాల్లేదు. తల వంచుకునే తట్ట బోర్లించింది. మట్టి నీళ్ళలో పడిన చప్పుడు అందరికీ వినపడింది.

మెట్ల మీద మనస్వి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని నిలబడింది. నాగదుర్గ వెనక్కి తిరిగి మట్టికుప్ప దగ్గరికి వెళ్ళి, రెండో తట్ట నింపడానికి వంగింది.